సిఫారసు

"నువ్వే రాసుకు రా, సంతకం పెడతాను"
అన్నారు పరాంకుశం మాస్టారు
కళ్ళద్దాలు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండానే.
ఆయన తప్పేం లేదు. ఆ వారం
నాలాంటివాళ్ళు పదకొండు మంది
ఆయన గది ముందు చెప్పులు విడిచారు.

ట్రోమ్సో అనే చలి ఊళ్ళో చేపల మీద చదువు.
ఫీజు లేదు, నెలనెలా ఖర్చులకిస్తారు, విమానం టిక్కెట్టూ వాళ్ళదే.
ప్రపంచమంతటికీ కలిపి ఇరవై సీట్లు.
ఇంతకుముందు మూడు చోట్ల పోయింది నాకు.
మూడు ఉత్తరాలూ ఒకే గొంతుతో "చింతిస్తున్నాం" అన్నాయి.
నిజంగా చింతించేవాడు
అంత త్వరగా ఉత్తరం రాయడు.

సిరిపురంలో ఒక జెరాక్సు షాపు, గంటకి ముప్పై రూపాయలు.
"గరికిన నూకరత్నం నాకు మూడేళ్ళుగా తెలుసు" అని మొదలెట్టాను.
నన్ను నేను "ఆమె" అని రాసుకోవడం
ఎవరి పెళ్ళికో వెళ్ళి ఫొటోలో నిలబడ్డట్టుంది.
ఆమె తెలివైనది. కొట్టేశాను.
ఆమె కష్టపడే స్వభావం కలది. అదీ కొట్టేశాను,
మా జాలారిపేటలో ఆ మాట ఎవరికి చెల్లదు?

సాయంత్రం పైడమ్మత్తని అడిగాను.
ఇరవయ్యారేళ్ళుగా చేపలమ్మే మనిషి,
సరుకుని పొగడ్డం ఎలాగో తెలియాలి కదా.
అప్పుడే తెప్ప దిగిన కోనెం ఒకటి బుట్టలోంచి తీసి
బొటనవేలితో మొప్ప ఎత్తింది.
ఎర్రగా ఉంది, తడిగా.
"సేప తన గురించి సెప్పుకుంటాదేటే?
మొప్పెత్తి సూపించు. కొనేవోడు కొంటాడు.
కొననోడికి ఎంత సెప్పినా కంపే."

అప్పుడు రాశాను, మాస్టారి గొంతుతో:
ఈమె రెండువేల నూట నలభై కానాగంతల పొట్టలు కోసింది.
ఏ నెలలో ఎన్నిటికి గుడ్లున్నాయో రాసిపెట్టింది,
భీమిలి వైపువి వేరు, డాల్ఫిన్ కొండ అవతలివి వేరు.
ఒకసారి లెక్క తప్పింది. తనే వచ్చి చెప్పింది.
నాలుగు నెలల పని మళ్ళీ చేసింది.
తుఫానుకి కరెంటు పోయి ల్యాబులో ఫ్రీజరు కరుగుతుంటే
హార్బరు నుంచి ఆటో నిండా ఐసు తెచ్చింది, బిల్లు అడగలేదు.
చెయ్యి ఆపుకునేలోపే చివర్న ఇంకో మాట పడిపోయింది:
బోట్లవాళ్ళు ఈమెకి నిజం చెబుతారు. నాకు చెప్పరు.

చదవకుండా సంతకం పెడతారనుకున్నాను.
చదివారు.
ఆఖరి వాక్యం దగ్గర పెన్ను ఆగింది.
"తీసేయమంటారా సార్?"
ఫ్యాను గాలికి కాగితం అంచు కొట్టుకుంటోంది.
"నిజమే కదమ్మా" అన్నారు చాలాసేపటికి.
"నేను చేరిన కొత్తలో..." అని ఏదో మొదలుపెట్టి, వదిలేసి,
ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు.
"నాకు చెప్పరు" కింద చిన్న గీత కూడా గీశారు.

వాళ్ళ అర్ధరాత్రి మనకి తెల్లవారుజాము నాలుగున్నర.
పాస్‌పోర్టులో నా ఇంటిపేరు ముందు, ఫారంలో వెనక,
మార్కుల కాగితం మీద నూక ఒకచోట, రత్నం ఒకచోట.
ముగ్గురమూ ఒకరమేనని
జగదాంబ దగ్గర నోటరీ ముందు
స్టాంపు కాగితం మీద ప్రమాణం చేసొచ్చాను.

నాలుగూ పన్నెండుకి నొక్కాను,
హార్బర్లో ఐసు పెట్టెల మీద కూర్చుని.
ఫోనులో గుండ్రం తిరుగుతూనే ఉంది.
మొదటి బోటు ఇంజను ఆపింది. పాట మొదలైంది,
వెయ్యి, వెయ్యిన్నూరు, వెయ్యిన్నూటయాభై.
గుండ్రం ఆగింది. "అందింది" అని ఒక్క మాట.
"అయిందా? అయితే ఇటొచ్చి బుట్ట పట్టు"
అంది పైడమ్మత్త.

ఫలితం మే నెలలోనట.
అప్పటికి వేట నిషేధం, బోట్లన్నీ కట్టేసి ఉంటాయి.
పేటంతా చిరిగిన వలలు ముందేసుకుని
నెల ఎప్పుడు మారుతుందా అని కూర్చుంటుంది.
నాకూ పట్టుకోవడానికి
ఒక కొస దొరుకుతుంది.